హసన్‌పర్తి వైపు జోన్ మార్పు: కౌన్సిల్ తీర్మానంతో పని అయిపోయిందా?

మీరు అడిగినవి రెండు సంగతులు. మీ కాలనీని ఆనుకుని ఉన్న మూడెకరాల జాగాను ఫంక్షన్ హాల్ కోసం రెసిడెన్షియల్ నుంచి కమర్షియల్‌కు మారుస్తున్నారు, గ్రేటర్ వరంగల్ కౌన్సిల్‌లో తీర్మానం కూడా పాసైందట, ఇక చేసేదేమైనా ఉందా అన్నది మొదటిది. చెరువు కింద వ్యవసాయ జోన్‌లో మీకే ఉన్న ఇరవై గుంటలను ఇళ్ల జోన్‌కు మార్పించుకోవచ్చా అన్నది రెండోది. ఒక చోట జోన్ మార్పును ఆపాలని, ఇంకో చోట తెచ్చుకోవాలని చూస్తున్నారు. తప్పేం లేదు, రెండూ ఒకే దారిలో నడిచే ఫైళ్లు. ఒకదాని లోపల ఏం జరుగుతుందో తెలిస్తే రెండోది అర్థమవుతుంది.

గాబరా పడకండి. కౌన్సిల్‌లో చేతులెత్తినంత మాత్రాన జోన్ మారదు. వరంగల్‌లో మాస్టర్ ప్లాన్, అంటే ఏ జాగాను దేనికి వాడాలో రంగులతో చూపే నగర ప్రణాళిక, కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థది, అంటే కుడాది. దాన్ని మార్చే అధికారం 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం సెక్షన్ 12లో ఉంది. ప్లాన్ స్వరూపం చెడకుండా, ఏ వాడకానికి ఎంత విస్తీర్ణం అన్న లెక్క గానీ జనసాంద్రత ప్రమాణం గానీ కదలకుండా చేసే చిల్లర సవరణలు కుడా చేసుకోవచ్చు. ఇళ్ల జోన్‌లో మూడెకరాలు తీసి వాణిజ్యంలో కలపడం చిల్లర సవరణ కాదు. అది రాష్ట్ర ప్రభుత్వం, అంటే మున్సిపల్ పరిపాలన, పట్టణాభివృద్ధి శాఖ, జీవోతో చేయాల్సిన పని. కుడా చేసినా సర్కారు చేసినా ముందుగా నోటీసు వేసి అభ్యంతరాలు, సూచనలు పిలవాలి, వచ్చినవాటిని పరిశీలించాలి. ఈ మెట్టు దాటేసి ఇచ్చిన జీవో కోర్టులో నిలబడటం కష్టం.

మరి కౌన్సిల్ తీర్మానం దేనికి? కార్పొరేషన్ చేతిలో నిజంగా ఉన్నవి వేరు: రోడ్డు విస్తరణ, సొంత భూముల లీజులు, లేఅవుట్లలో గిఫ్ట్ డీడ్ కింద వచ్చిన పార్కులూ రోడ్లూ, ఇళ్ల పర్మిషన్లు. జోన్ మార్పులో అది చెప్పేది అభిప్రాయం మాత్రమే. అలాగని తీసిపారేయకండి. 'స్థానిక సంస్థకు అభ్యంతరం లేదు' అన్న ఒక్క వాక్యం ఫైల్లో పడితే పైన కూర్చున్న అధికారికి సంతకం సులువవుతుంది. అందుకే ఇలాంటివి చాలాసార్లు అసలు అజెండాలో కనపడవు, సమావేశం రోజున టేబుల్ అజెండాగా వస్తాయి. తీర్మానం కాపీ ఒక్కటే తీసుకుంటే లాభం లేదు. దాని వెనక టౌన్ ప్లానింగ్ విభాగం రాసిన నోట్ కూడా అడగండి. రోడ్డు వెడల్పు ఎంత రాశారు, పక్కన ఏముందని రాశారు అన్నది అందులో ఉంటుంది. అభ్యంతరానికి పనికొచ్చే సరుకంతా అక్కడే దొరుకుతుంది.

ఫైలు నడిచే తీరు ఇది. యజమాని కుడాకు దరఖాస్తు పెడతాడు. ప్లానింగ్ సిబ్బంది జాగా చూసి, చుట్టూ ఉన్న వాడకం, రోడ్డు, చెరువులూ కాలువలూ రాసి రిపోర్టు ఇస్తారు. కుడా సిఫారసుతో అది సర్కారుకు పోతుంది. సరే అనుకుంటే డ్రాఫ్ట్ నోటిఫికేషన్ వస్తుంది. అభ్యంతరాల గడువు మామూలుగా పదిహేను రోజులు. ఏ రోజు నుంచి లెక్క అన్నది నోటిఫికేషన్‌లోనే రాసి ఉంటుంది, ఆ వాక్యం తప్పకుండా చదవండి. గడువు ముగిశాక అభ్యంతరాలపై కుడా రిపోర్టు, యజమాని కట్టాల్సిన ఛార్జీలు, ఆ తర్వాత ఫైనల్ జీవో. మీరు చెప్పినదాన్ని బట్టి డ్రాఫ్ట్ ఇంకా రాలేదు. ఇదే మంచి సమయం. ఇప్పుడే కుడా వైస్ ఛైర్మన్ పేరున ఒక కాగితం ఇచ్చి స్టాంపు వేయించుకుంటే, రిపోర్టు రాసేవాడు మీ మాటను దాటేసి రాయలేడు.

సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు చాలు. కానీ చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సమాచారం ఇవ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువు, అభ్యంతరానికి మీకు పదిహేను. జవాబు వచ్చాక పకడ్బందీగా రాద్దాం అనుకుంటే గడువు కాస్తా దాటిపోతుంది. డ్రాఫ్ట్ వచ్చిన రోజే తెలిసినంత మేరకు అభ్యంతరం పంపేయండి, చివర్లో 'మరిన్ని వివరాలు అందిన వెంటనే అదనపు అభ్యంతరం సమర్పిస్తాము' అని రాసి ఉంచండి. సమాచార హక్కు కింద కాపీలతో పాటు ఫైలు తనిఖీకి కూడా అనుమతి అడగండి. కూర్చుని చూస్తే నోట్ ఫైల్‌లో ఎవరు ఏం రాశారో తెలుస్తుంది. కాపీలు మాత్రమే అడిగితే జీవోలు, లేఖలు చేతిలో పెట్టి పంపేస్తారు.

డ్రాఫ్ట్‌లో ఊరు, మండలం, సర్వే నంబర్లు, విస్తీర్ణం చదరపు మీటర్లలో, ఏ జోన్ నుంచి ఏ జోన్‌కు, నాలుగు వైపుల హద్దులు ఉంటాయి. మూడెకరాలంటే సుమారు 12,140 చదరపు మీటర్లు. అంకె అంతకంటే బాగా ఎక్కువుంటే పక్క సర్వే నంబర్ ముక్కేదో కలిసిందని అర్థం. హద్దులను గ్రామ నక్షాతో సరిపోల్చండి. 'ఉత్తరాన 40 అడుగుల రోడ్డు' అని రాసి, అక్కడ నిజానికి బండ్లబాట ఉన్న కేసులు తక్కువేం కాదు.

ఇక అభ్యంతరంలో ఏం రాయాలి. 'ఫంక్షన్ హాల్ వస్తే మాకు ఇబ్బంది, ప్రశాంతత పోతుంది' అని యాభై మంది సంతకాలతో ఇచ్చిన కాగితం 'సాధారణ అభ్యంతరాలు, పరిశీలించడమైనది' అన్న ఒక్క లైన్‌లో తేలిపోతుంది. కొలిచి చూపించగలిగినవి రాయండి. వాటికి జవాబు రాయకుండా ఫైలు కదపడం కష్టం.

అన్నిటికంటే బలమైనది రోడ్డు. మెయిన్ రోడ్డు దగ్గర, మధ్యలో, ఆ జాగా ముందు టేపు పెట్టి కొలవండి. తారు వెడల్పు లెక్కలోకి రాదు, ఇటు ప్రహరీ నుంచి అటు ప్రహరీకి ఉన్నది కొలవాలి. టేపు అంకె కనపడేలా ఫోటోలు తీసుకోండి. యజమాని సాధారణంగా చేసేదేమిటంటే, తన జాగా ముందు పట్టీ వదిలి అక్కడ రోడ్డును వెడల్పుగా చూపిస్తాడు. మెయిన్ రోడ్డు నుంచి తన గేటు దాకా ఉన్న మిగతా దారి ఇరుకుగానే ఉంటుంది. మీరు పట్టుకోవాల్సింది ఆ ఇరుకునే. 'సర్వే నంబర్ ఫలానా ముందు 40 అడుగులు చూపినా, ప్రధాన రహదారి నుంచి ఆ జాగా వరకు 180 మీటర్ల పొడవునా ప్రస్తుత వెడల్పు 24 నుంచి 27 అడుగులే, ఇరువైపులా ఇళ్లున్నాయి, విస్తరణకు ఏ ప్రతిపాదనా లేదు' అన్నట్టు రాయాలి. అంకెలు మాత్రం మీరు కొలిచినవే వేయండి. జీవో 168 భవన నిబంధనల్లో ముందు వదలాల్సిన ఖాళీని రోడ్డు వెడల్పును బట్టే, 12, 18, 24, 30 మీటర్ల మెట్లుగా పెట్టారు. కాబట్టి రోడ్డు అంకె తప్పని తేలితే జోన్ మారినా తర్వాత పర్మిషన్ దగ్గర కూడా ఆ తప్పు వెంటాడుతుంది.

రెండోది శబ్దం. దీన్ని జనం సరిగ్గా వాడుకోరు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఇళ్ల ప్రాంతానికి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. వాణిజ్య ప్రాంతానికి పగలు 65, రాత్రి 55. అంటే జోన్ మారితే మీ గోడ అవతల చట్టబద్ధంగానే పది డెసిబెల్స్ ఎక్కువ మోతకు దారి తెరుచుకుంటుంది. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా చూడాలి. ఆ దూరంలో బడి ఉంటే పేరుతో సహా, కొలిచిన దూరంతో సహా రాయండి.

మూడోది నీళ్లు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నగరం ఎలా మునిగిందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ 'వరద వస్తుంది' అని రాస్తే చాలదు. ఆ మూడెకరాల గుండా గానీ పక్కనుంచి గానీ వరద కాలువ పోతుంటే, అది ఏ చెరువు అలుగు నుంచి మొదలై ఎక్కడ కలుస్తుందో నక్షా మీద గీసి, వెడల్పు రాయండి. పది మీటర్ల కంటే వెడల్పున్న వాగు, కాలువ అంచు నుంచి 9 మీటర్లు, అంతకంటే సన్నదైతే 2 మీటర్లు వదలాలి. పాత నక్షాలో కాలువ ఉండి ఇప్పుడు మట్టితో పూడ్చి ఉంటే ఇంకా గట్టి పాయింటు. గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబర్ కొలతల స్కెచ్) కాపీలు జతచేయండి.

కాగితం నోటిఫికేషన్‌లో చెప్పిన అధికారికి స్పీడ్ పోస్టులో పంపండి, కుడా వైస్ ఛైర్మన్‌కు, కార్పొరేషన్ కమిషనర్‌కు నకళ్లు చేతికిచ్చి స్టాంపు వేయించుకోండి. ఒకే కాగితం మీద వంద సంతకాల కంటే ఇంటి నంబరుతో ఎవరికి వారు ఇచ్చిన పది కాగితాలు నయం. ప్రతిదానికీ విడిగా జవాబు రాయాల్సి వస్తుంది. సోమవారం ప్రజావాణిలో ఇవ్వడం తప్పు కాదు గానీ, దాన్నే అభ్యంతరం అనుకుని కూర్చోకండి.

అన్నీ చేసినా ఫైనల్ జీవో వచ్చిందనుకోండి, దాని కింది షరతులు చదవండి. అందరూ వదిలేసేది అదే. జోన్ మార్పు టైటిల్‌కు, అంటే యాజమాన్య హక్కుకు, రుజువు కాదు, నిర్మాణానికి ముందు సంబంధిత సంస్థ పర్మిషన్ విడిగా తీసుకోవాలి, మాస్టర్ ప్లాన్ రోడ్డులో పోయే భాగాన్ని ఉచితంగా అప్పగించాలి లాంటివి ఉంటాయి. రోడ్డు పట్టీ అప్పగించకుండా పునాదులు తీస్తే మీ ఫిర్యాదుకు జీవోయే ఆధారం. జీవోనే సవాలు చేయాలంటే హైకోర్టులో రిట్. ఆలస్యం చేయకండి. గోడలు లేచాక వేసిన రిట్‌కు బలం తగ్గుతుంది.

ఒకటి మాత్రం విడిగా చూసుకోండి. ఆ మూడెకరాల్లో మీ లేఅవుట్‌లో పార్కు కింద వదిలిన ముక్క కలిసిందా? కలిస్తే కథ పూర్తిగా మారుతుంది. లేఅవుట్ ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్‌తో స్థానిక సంస్థకు వెళ్లినా అది జనం కోసం ఉంచిందే. బెంగళూరులో పార్కు జాగాను ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇచ్చిన కేసులో, అది చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది (బెంగళూరు మెడికల్ ట్రస్ట్ వర్సెస్ ముద్దప్ప). కౌన్సిల్ ఎన్ని తీర్మానాలు చేసినా ఈ గోడ దాటడం కష్టం. అప్రూవ్డ్ లేఅవుట్ ప్లాన్, గిఫ్ట్ డీడ్ నకలు సంపాదించండి. డీడ్ నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది.

ఇక మీ ఇరవై గుంటలు. నిర్మొహమాటంగా చెప్పాలంటే అంత చిన్న ముక్కకు, అదీ చెరువు కింద, చుట్టూ వ్యవసాయ జోనే ఉంటే, జోన్ మార్పు రావడం తేలిక కాదు. ప్లాన్ మ్యాపులో మధ్యలో ఒక్క గడి రంగు మార్చడం ప్లానింగ్ వాళ్లకు ఇష్టముండదు. పక్క సర్వే నంబర్ ఇప్పటికే ఇళ్ల జోన్‌లో ఉండి, మీది దాన్ని ఆనుకుని ఉండి, మంచి రోడ్డు ఉంటే అప్పుడు మాట వేరు.

పైసా ఖర్చు పెట్టే ముందు చెరువు లెక్క తేల్చుకోండి. పది హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (పూర్తి నీటిమట్టం) గీత నుంచి 30 మీటర్లు, అంతకు తక్కువ చెరువులకు, కుంటలకు 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన పట్టీ. ఈ కొలత కట్ట నుంచో, ఎండాకాలం నీళ్లున్న అంచు నుంచో కాదు. చెరువు నిండా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత నుంచి. ఇరవై గుంటలంటే 2,420 గజాలు, సుమారు 45 మీటర్లకు 45 మీటర్ల చదరం అనుకోండి. ఒక పక్క సరిగ్గా పెద్ద చెరువు ఎఫ్‌టీఎల్‌ను తాకుతోందనుకుంటే 30 మీటర్లు పోయి 15 మీటర్ల పట్టీ మిగులుతుంది. అంటే ఇల్లు కట్టుకోదగ్గది దాదాపు 807 గజాలే. అదే చిన్న కుంట అయితే 9 మీటర్లు పోను 1,937 గజాలు మిగులుతాయి. బఫర్ పట్టీని లేఅవుట్ ఖాళీ స్థలంగా చూపుకోవచ్చు గానీ, ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ (సెట్‌బ్యాక్) కింద చెల్లదు. కాబట్టి మొదటి కాగితం నీటిపారుదల శాఖది: మీ సర్వే నంబర్ మీద ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడ పోతుందో చూపే మ్యాప్. రికార్డులో 'శిఖం' (చెరువు గర్భం భూమి) అని ఉన్నా, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ నిషేధిత జాబితాలో ఉన్నా, అసైన్డ్ (సర్కారు పేదలకిచ్చిన భూమి) అయినా జోన్ గురించి ఆలోచించడమే దండగ.

అది దాటితే కుడా నుంచి సర్వే నంబర్ వారీగా ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త మాస్టర్ ప్లాన్ 2041కు 2024 నవంబర్‌లో ఆమోదం వచ్చింది. దానికి ముందు చాలా ఏళ్లు చేతులు మారిన డ్రాఫ్ట్ మ్యాపుల ఫోటోలే ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతున్నాయి, బ్రోకర్లు చూపించేది అవే. ఫోన్‌లో రంగు చూసి అడ్వాన్సు ఇవ్వకండి. సర్వే నంబర్ ఒకటే అయినా జోన్ గీత మధ్యలోంచి పోవచ్చు, మీ బై నంబర్ (ఉప సర్వే నంబర్) ఏ పక్కన పడిందో సర్టిఫికెట్‌తో పాటు వచ్చే స్కెచ్‌లో చూడాలి. ప్రతిపాదిత రోడ్డు ఏదైనా మీ ముక్కను కోస్తోందా అన్నది కూడా అందులోనే తెలుస్తుంది.

దరఖాస్తుతో పాటు పట్టాదారు పాస్‌బుక్, రిజిస్టర్డ్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు, ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), నక్షా మీద గుర్తించిన జాగా, కొలతలతో సైట్ ప్లాన్, రోడ్డు ఫోటోలు, చెరువు ఉంది కాబట్టి నీటిపారుదల శాఖ కాగితం కావాలి. ఫైళ్లు ఎక్కువగా ఆగేది ఒకే కారణంతో: పాస్‌బుక్‌లో విస్తీర్ణం ఒకటి, క్షేత్రంలో కొలత ఇంకోటి. రెండు గుంటల తేడా ఉన్నా ముందే సర్వే చేయించి సరిచేసుకోండి, ఫైలు హైదరాబాద్ చేరాక సరిచేయడం తలనొప్పి.

వ్యవసాయేతర మార్పిడి, జనం నోట నాలా కన్వర్షన్, వేరే సంగతి. అది 2006 చట్టం కింద రెవెన్యూ శాఖ చేసేది, ఇప్పుడు భూభారతి పోర్టల్ ద్వారా. గ్రేటర్ హైదరాబాద్ బయట ఫీజు భూమి ప్రభుత్వ విలువలో 3 శాతం. ఎకరా విలువ 20 లక్షలనుకుంటే మీ అరెకరానికి ముప్పై వేలు. నాలా ఉత్తర్వు చేతికి రాగానే ఇళ్లు కట్టుకోవచ్చని చాలామంది అనుకుంటారు. అది రెవెన్యూ రికార్డులో భూమి స్వభావాన్ని మారుస్తుందే తప్ప మాస్టర్ ప్లాన్ రంగును మార్చదు. వ్యవసాయ జోన్‌లో ఉన్నంతకాలం నాలా ఉన్నా లేఅవుట్ రాదు. అలాగే జోన్ మారినా నాలా ఎగ్గొట్టలేరు. వరసగా అయితే ముందు జోన్, తర్వాత నాలా, ఆ తర్వాత లేఅవుట్. ముందే నాలా కడితే, జోన్ రాకపోతే ఆ పైసలు పోయినట్టే.

ఈలోగా గుంట, గుంటన్నర చొప్పున ముక్కలు చేసి అమ్మేద్దాం, తర్వాత ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే స్కీము) చూసుకుందాం అని ఎవరైనా అంటే వినకండి. 2020 స్కీముకు కటాఫ్ ఆ ఏడాది ఆగస్టు 26. ఇప్పుడు చేసే ముక్కలు అందులోకి రావు. ఎఫ్‌టీఎల్, బఫర్‌లోనివి ఎలాగూ రావు.

ఔటర్ రింగ్ రోడ్డు వస్తోంది, మామునూరు విమానాశ్రయం వస్తోంది, జోన్లన్నీ వాటంతట అవే మారిపోతాయి అన్న మాటలూ వినిపిస్తుంటాయి. ఔటర్ చుట్టూ 27 గ్రామాల్లో 21 వేలకు పైగా ఎకరాల భూ సమీకరణకు ఇచ్చిన జీవో 80-ఎ, రైతులు రోడ్డెక్కాక 2022 మేలో వెనక్కి పోయింది. సర్కారు కాగితమే వెనక్కి పోయినప్పుడు వట్టి మాట మీద కొన్న భూమి సంగతి చెప్పేదేముంది. విమానాశ్రయం వస్తే మామునూరు చుట్టుపక్కల ఎత్తు పరిమితులు కూడా వస్తాయి. ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి లాంటి రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్లలో కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన రెండొందల మీటర్లు అనుమతితోనే. మీ జాగాకు ఇవి తగలవు గానీ, నగరంలో ఇంకెక్కడైనా కొనేటప్పుడు గుర్తుంచుకోండి.

'జోన్ మేమే మారుస్తాం, సగం ఖర్చు ఇప్పుడివ్వండి' అని ఎవరైనా వస్తే, లేదా మీ ఇరవై గుంటలను జోన్ మార్పు మీద ఆశతో ఎవరైనా కొనడానికి వస్తే, అగ్రిమెంట్‌లో మూడు వాక్యాలు రాయించండి: మార్పిడి ఛార్జీలు ఎవరు కట్టాలి, ఫైనల్ జీవో ఏ తేదీలోగా రాకపోతే అగ్రిమెంట్ రద్దు, రద్దయితే అడ్వాన్సులో ఎంత వెనక్కి. 'జోన్ మార్పు' అని ఊరికే రాయకండి, 'ఫైనల్ జీవో' అనే రాయండి. డ్రాఫ్ట్ నోటిఫికేషన్ కటింగ్ చూపించి పని అయిపోయిందనే వాళ్లు ఉన్నారు.